మంచు మీద ఎర్ర కుర్చీ

కాఫీ పొడి కొలిచి పెద్ద పాత్రలో పోస్తుండగా రోవీనాకి బావగారి గొంతు వినబడింది.

చర్చి కింది హాలుకీ వంటగదికీ మధ్య, గిన్నెలు అందించుకోవడానికి గోడలో చిన్న చెక్క తలుపు ఒకటుంది. అది ఏనాడూ సరిగ్గా మూతపడి చావదు. ఏళ్ళ తరబడి ఆ సందులోంచే ఆమె చర్చి వ్యవహారాలన్నీ వింటూ వచ్చింది. వీళ్ళకి పైన బిషప్పూ లేడు, పెత్తనం చేసే పెద్దా లేడు. కప్పు బాగుచెయ్యాలన్నా, పాస్టరమ్మని మార్చాలన్నా సభ్యులంతా కూర్చుని చేతులెత్తి తేల్చుకోవాల్సిందే. తేల్చుకుంటున్నంతసేపూ ఎవరో ఒకరు కాఫీ కాయాలి కదా! ఆ ఎవరో ఒకరు రోవీనా.

"ఈ ఏడు కుర్చీ పందెం వద్దంటున్నాను," అంటున్నాడు హార్లన్. అతను రోవీనా పోయిన మొగుడికి అన్న, చర్చి పనులు చూసే డీకను. "ఎందుకో నేను చెప్పక్కర్లేదు. మీకందరికీ తెలుసు."

"నేనూ అదే అంటున్నా," అన్నారెవరో.

"సరేనన్నవాళ్ళు చేతులెత్తండి," అంది పాస్టరు మిరియమ్. చొక్కాల చప్పుడు, కుర్చీల కిర్రు. "కాదన్నవాళ్ళు?"

ఈసారి ఒక్క కుర్చీ కూడా కిర్రుమనలేదు.

రోవీనా మోచేత్తో ఆ చెక్క తలుపు తోసింది. హాల్లో అందరూ ఇటు తిరిగారు. కొందరు ఎత్తిన చెయ్యి దించడం కూడా మరిచిపోయారు. హార్లన్ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"కాఫీ అయింది," అందామె.

అంతే, ఒక్కసారిగా లేచారంతా. కోటు దొరికినవాళ్ళు కోటుతో, దొరకనివాళ్ళు చేతిలో పట్టుకుని, మెట్లెక్కేశారు. యూనిస్ మాత్రం, ఎనభై దాటిన చర్చి గుమాస్తా, పెన్ను ఎత్తి పట్టుకుని, "ఆగండర్రా, ఇంకా అవలేదు..." అంటూనే ఉంది. ఎవరు వింటారు? ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం వంటగదిలోకొచ్చి రోవీనాని కావలించుకుని, "నీకోసమేనే, నీకోసమే," అన్నారు.

"థాంక్సమ్మా," అంది రోవీనా. అబద్ధం కాదు. ఆ క్షణాన నిజంగానే గుండెల మీంచి బరువు దిగినట్టనిపించింది.

ఆ కుర్చీ సంగతేమిటంటే, ఏటా శీతాకాలం నడిమిలో హాల్సీ చెరువు గట్టిగా గడ్డకట్టాక చర్చి మగవాళ్ళు ఎర్ర రంగు వేసిన వంటింటి కుర్చీ ఒకటి తీసుకెళ్ళి మధ్యలో నిలబెడతారు. చెరువని పేరేగానీ నాలుగు మైళ్ళ పొడుగు. కుర్చీ కాలికి కట్టిన తాడు ఒడ్డున హార్లన్ పడవల కొట్టందాకా వస్తుంది. అక్కడ గోడ గడియారం తీగకి ముడి. వసంతంలో మంచు విరిగి కుర్చీ పడిపోతే తాడు లాగుతుంది, గడియారం ఆగుతుంది. ఏ రోజు, ఏ వేళకి పడుతుందో ఊరంతా చీటీల మీద రాసి బిస్కెట్ల డబ్బాలో వేస్తారు. దగ్గరగా చెప్పినవాడికి బహుమతి, మిగతాది చర్చి కప్పుకి. పందెమంటే దేవుడికి కోపం వస్తుందని యూనిస్ దాన్ని 'అంచనా' అంటుంది. కుర్చీ పడటం ముందు ఎవరు చూస్తే వాళ్ళు పరిగెత్తి చర్చి గంట కొట్టాలి.

ఈ జనవరిలో కుర్చీ నిలబెట్టింది హార్లనూ, రోవీనా కొడుకు కోల్బీను. మార్చి మొదట్లో ఒక సాయంత్రం కోల్బీ మంచు బండి మీద చేపలకి వెళ్ళాడు. వాగు కలిసే చోట మంచు పల్చబడి ఉంది. బండి దొరికింది. చెట్టంత కొడుకు దొరకలేదు. నీళ్ళలో దిగి వెతికేవాళ్ళు వచ్చారు, రంధ్రాలు తవ్వారు, తాళ్ళు కట్టుకుని మునిగారు. ఇంతలో మంచు తుఫాను పడింది. "మంచు పోయాక వస్తామమ్మా," అని సామాను సర్దుకున్నారు. అప్పట్నించీ కుర్చీ చెరువు మీదా, కోల్బీ చెరువు కిందా ఉన్నారు.

బుధవారం చర్చి వసంతపు శుభ్రం. చలికాలమంతా రోడ్డు మీది మంచు తోసే యంత్రం ఎగజిమ్మిన ఇసక పచ్చిక మీద పేరుకుపోతుంది. దాన్ని పొడుగు కర్రకి ఇనప పళ్ళున్న దంతెలతో లాగి చక్రాల బండికెత్తాలి. పాకం కోసం మేపుల్ చెట్లకి కట్టిన బాల్టీలు దించేశారు, దారంతా మోకాలి లోతు బురద, పొదల్లో ఏవో చిన్న కప్పలు గొంతు చించుకుంటున్నాయి. రోవీనా తన దంతె తనే తెచ్చుకుంది. ఆమె వెళ్ళిన చోటల్లా మాటలు ఆగిపోయాయి. ఆమె బండి పట్టుకోబోతే ఎవరో వచ్చి, "నువ్వు కూర్చో రోవీనా, నువ్వు కూర్చో," అని లాక్కున్నారు. చేతిలో పని ఉంటే ఆ కాసేపైనా బతికినట్టుంటుంది. అదీ లాక్కుంటే ఎలా?

నీళ్ళ బకెట్టూ, పాత న్యూస్ పేపర్లూ పట్టుకుని ఆమె మేడ మీది కిటికీలు తుడవడానికి వెళ్ళబోయింది. యూనిస్ మెట్ల దగ్గర అడ్డం నిలబడింది.

"చెరువు వైపువి వద్దన్నారే."

"ఎవరన్నారు పిన్నీ?"

"ఎవరంటే ఏం చెప్పను? అందరూను. తెరలు కూడా దించేశారు." యూనిస్ ముక్కు ఎగబీల్చింది. "నన్నడిగితే మురికి కిటికీ మురికి కిటికీయే. నన్నెవరు అడిగారు గనక!"

"నన్ను మాత్రం ఎవరడిగారు?" అంది రోవీనా. ఆ మాట తన నోట్లోంచి ఎందుకొచ్చిందో ఆమెకే తెలియలేదు. పైకి చూసింది. చెరువు వైపు కిటికీలన్నిటికీ తెల్లటి తెరలు, శవం మొహం మీద గుడ్డ కప్పినట్టు. కార్లన్నీ కూడా ఆ పక్క కాకుండా, ఇరుకైనా సరే, ఈ పక్కే ఆపుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె బడి క్యాంటీన్ పని ముగించుకుని చెరువు రోడ్డున బయల్దేరింది. ఆమె వంటింట్లోంచి చూస్తే వాగు మూల ఒక్కటే కనబడుతుంది. తక్కిన చెరువంతటికీ అడవి ముక్కొకటి అడ్డం. అందుకని రోజూ కారేసుకుని ఒడ్డు వెంట పోయి, ఆగి, చూసి, మళ్ళీ పోయేది. మంచు బూడిద రంగులోంచి నల్లబడుతోంది. నల్లబడిందంటే ఇంక ఎన్నాళ్ళో ఉండదు. ఒడ్డు పొడుగునా నీళ్ళు విడివడి మెరుస్తున్నాయి. దూరంగా ఎర్ర కుర్చీ కొంచెం ఒరిగి నిలబడి ఉంది, తాడు లేకుండా. మీటింగ్ జరిగిన ఆదివారం సాయంత్రమే హార్లన్ గడియారం ఆపేసి తాడు కోసేశాడు.

పైన్ చెట్ల నీడలో రోడ్డు మెత్తబడి ఉంది. ముందు చక్రం దిగబడింది. గేరు మార్చి వెనక్కి లాగింది, ఇంకా దిగింది. చక్రాల కింద కొమ్మలు వేసింది, చేతులతో బురద తోడింది. లాభం లేదు. సరే, ఎవరో ఒకరు వస్తారు కదా అని కారు మీద కూర్చుంది. మిగతా ఏళ్ళలో ఈ రోజుల్లో ఈ రోడ్డు జాతరలా ఉండేది. దుర్భిణీలు పట్టుకున్న ముసలాళ్ళు, ఫ్లాస్కుల్లో కాఫీ, "ఇవాళ పడుతుందంటావా?" "నీ మొహం, వచ్చే వారం!" అంటూ వాదులాట. కోల్బీ పిల్లప్పుడు కారు కప్పు మీదెక్కి కూర్చుని రాత్రి దాకా దిగేవాడు కాదు.

ఒక్క కారు రాలేదు.

పొద్దు వాలింది. చలి ఎక్కింది. అప్పుడు తట్టిందామెకి. రారు. ఎవరూ రారు. ఊరంతా, ఆమె మీద జాలితో, చుట్టు దారిన కొండ రోడ్డు మీదుగా పోతోంది. చెరువు వైపు చూడటం తప్పని అందరూ అనుకున్నారు. మంచు పోయినా ఎవరికీ తెలియదు. గంట కొట్టేవాడే లేడు. ఆమె బురద కాళ్ళతో ఇంటిదాకా నడుచుకుంటూ వచ్చింది. దారి పొడుగునా ఏడుస్తూనే నడిచింది, అక్కడ వినేవాడెవడూ లేడు గనక గట్టిగానే ఏడ్చింది.

ఇంటికి రాగానే చేతులైనా కడుక్కోకుండా, జల రక్షక దళం అతనికి ఫోను చేసింది. మార్చిలో వెతికించింది అతనే. మంచివాడే గానీ నాన్చడం రాదు.

"చూడమ్మా, చెరువులు చాలా ఉన్నాయి, మాకున్నవి రెండే పడవలు. మంచు పోయిన పూటే మేం దిగాలి. ఉత్తరపు గాలి గనక ఉంటే..." అతను ఆగాడు.

"చెప్పండి బాబూ. నేను వినగలను."

"గాలి మంచునీ, నీటినీ అంతా ఆనకట్ట వైపు తోసేస్తుంది. ఇప్పుడు కరుగు నీళ్ళు కట్ట మీంచి పొర్లుతున్నాయి. ఒక్కసారి దాటిపోయిందంటే కింద నది. నదిలో మేం వెతకలేమమ్మా. అందుకే ఆ పూట ముఖ్యం. దానికేం, మీ చర్చివాళ్ళ కుర్చీ ఉందిగా. ఏటా మీ గంట మోగిందని ఎవరో ఒకరు చెప్తేనే మాకు తెలిసేది."

రోవీనా ఫోను పెట్టేసి వంటింట్లో నేల మీద కూలబడింది. మొగుణ్ణి కొండ మీద శ్మశానంలో పెట్టుకుంది. ఆ పక్కన జాగా ఉంది. చలికాలంలో పోయినవాళ్ళని మే నెలలో, నేల మెత్తబడ్డాక, పూడ్చడం ఇక్కడి వాడుక. ఆ మే నెల కోసమే ఆమె ఊపిరి పట్టుకుని ఉంది. ప్రాణం మీద ఆశ మార్చిలోనే పోయింది. వాణ్ణి ఒక్కసారి చూసుకోవాలి, మట్టిలో పెట్టుకోవాలి. అది కూడా నదిపాలైతే ఇంక ఆమెకి మిగిలేదేమిటి?

తెల్లారి హార్లన్ ఇంటికి వెళ్ళింది. అతను పడవల కొట్టంలో పాత తెడ్డుకి రంగు గీకుతున్నాడు. చెరువు వైపు కిటికీకి బల్లచెక్కలు కొట్టేసి ఉన్నాయి.

"బావగారూ, కుర్చీ పందెం మళ్ళీ పెట్టించండి."

తెడ్డు మీద చెయ్యి ఆగిపోయింది. ఆమె రక్షక దళం అతను చెప్పిందంతా చెప్పింది. హార్లన్ తలెత్తలేదు.

"వాడూ నేనూ కలిసి మోశామమ్మా ఆ కుర్చీ," అన్నాడు చివరికి. "దారి పొడుగునా నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు. 'పెదనాన్నా, నువ్వు కూర్చో, కుర్చీతో పాటు నిన్నూ లాక్కెళ్తా' అని. ఇప్పుడు జనం నా కొట్టం ముందు నిలబడి ఏ గంటకి, ఏ నిమిషానికి అని కేకలేస్తుంటే నేను వినలేను. నన్నడక్కు."

"మీరు చూడకపోతే ఎవరు చూస్తారు?"

"నావల్ల కాదు రోవీనా. నావల్ల కాదంటే కాదు." మళ్ళీ గీకడం మొదలుపెట్టాడు, రంగు ఎప్పుడో పోయిన చోటే.

ఆమెకి కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది. బయటికొచ్చి చెరువు వంక చూసింది. ఒక్కతే రెండు కళ్ళతో నాలుగు మైళ్ళు ఎలా కాస్తుంది?

శనివారం రాత్రి చర్చిలో చిక్కుళ్ళ విందు. ముందు రోజు నానబెట్టిన చిక్కుళ్ళని పొద్దున్నే మట్టి కుండల్లో, పంది మాంసం ముక్కా మేపుల్ పాకం వేసి, పొయ్యి మీద సన్న సెగన పెట్టాలి. అది రోవీనా చెయ్యి పడకపోతే కుదరదు గనక ఆ పని మాత్రం ఆమె దగ్గర్నించి ఎవరూ లాక్కోలేదు. సాయంత్రానికి హాలు నిండింది. ఆవిరికి అద్దాలు చెమర్చాయి. వడ్డన సగంలో ఉండగా ఆమె ఏప్రన్ విప్పకుండానే, అలమర పై అరలో దాచిన బిస్కెట్ల డబ్బా దించుకుని, హాల్లోకొచ్చి, గుమ్మం పక్క బల్ల మీద పెట్టింది. పక్కన ఖాళీ చీటీల కట్ట, పెన్సిలు. ఏటా ఆ బల్ల దగ్గర కూర్చునేది ఆమే.

ఫోర్కులు ఆగిపోయాయి.

"నాకు మాటలు రావు," అంది రోవీనా. "మీరంతా నాకోసమే చేశారు. నాకు తెలుసు. కానీ చెరువు వంక చూసేవాడు లేకుండా పోయాడు. మంచు ఎప్పుడు పోతుందో చూసి చెప్పకపోతే పడవలు రావు. పడవలు రాకపోతే నా బిడ్డ ఆనకట్ట దాటి పోతాడు. మీ జాలి చాలు నాకు. మీ కళ్ళు కావాలి. పందెం కాయండి, నవ్వుకోండి, కొట్టుకోండి, నాకేం ఫర్వాలేదు. చూడండి చాలు. మీ కాళ్ళు పట్టుకుంటాను."

పాస్టరు మిరియమ్ లేచి నిలబడింది. కళ్ళు తుడుచుకుంటోంది పాపం, కొత్త పిల్ల. "చర్చి ఒకసారి తీర్మానించింది కదా... దాన్ని మార్చాలంటే మళ్ళీ మీటింగ్ పెట్టాలి. రెండు ఆదివారాలు ముందుగా చెప్పాలి కదండీ..."

"ఏ మీటింగ్ పెట్టడం?" యూనిస్ కర్ర నేలకేసి కొట్టింది. "పోయిన ఆదివారం మీటింగ్ ముగిద్దామని ఎవరైనా అన్నారా? చేతులెత్తారా? దీని మొహం చూడగానే పులిని చూసిన గొడ్ల మందలా పారిపోయారు. నేను ఆగండర్రా అని మొత్తుకుంటూనే ఉన్నా. ఇప్పటికీ ఆ మీటింగ్ నడుస్తూనే ఉంది. మీరంతా మీటింగులోనే పళ్ళు తోముకున్నారు, మీటింగులోనే గురకపెట్టి నిద్రపోయారు!"

ఎవరో కిసుక్కున నవ్వి, నోరు మూసుకున్నారు. ఈ ఊరివాళ్ళు దేవుడి మాటైనా ఒకసారి దాటతారేమోగానీ సభ నియమం దాటరు. యూనిస్ చెప్పిందంటే చెప్పినట్టే.

"అయితే నేనడుగుతున్నా," అంది రోవీనా. "మళ్ళీ ఓటేయండి."

యూనిస్ మొహం మారిపోయింది. గొంతు తగ్గించింది. "నువ్వడగడానికి లేదే తల్లీ. తేలిపోయిన మాటని తిరగదోడాలంటే, ఆ రోజు దానికి చెయ్యెత్తినవాళ్ళే అడగాలి. నువ్వు ఎత్తలేదు."

"నేను కాఫీ కాస్తున్నా పిన్నీ."

"తెలుసే. ఎవరికి తెలీదు?" ముసలావిడ హాలంతా కలియజూసింది. "మిగతా అందరూ ఎత్తారు. నాతో సహా. కానీ వద్దన్న మాట ముందు ఎవరి నోట వచ్చిందో వాళ్ళు బతికే ఉన్నారు, ఇక్కడే ఉన్నారు. వాళ్ళ నోటే రానివ్వండి."

అందరూ తలలు వంచుకుని పళ్ళేల వంక చూస్తున్నారు. హార్లన్ మూల బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందున్న చిక్కుళ్ళు చల్లారిపోయాయి. రోవీనా అతని వంక చూడలేదు. చూస్తే బతిమాలినట్టవుతుంది, ఇప్పటికే ఒకసారి బతిమాలింది. డబ్బా మూత పట్టుకుని నిలబడింది.

హార్లన్ చెయ్యి లేచింది. భుజం నొప్పి ఉన్నవాడిలా మెల్లగా, మోచెయ్యి రెండో చేత్తో పట్టుకుని.

"నేనడుగుతున్నా," అన్నాడు. "నేనే వద్దన్నా. నేనే తప్పంటున్నా. కానీ తాడు కోసేశాను. మంచు మీదికెళ్ళి మళ్ళీ కట్టడం ఎవరివల్లా కాదు. గడియారం పని చెయ్యదు."

"అయితే మనుషులే గడియారం," అంది యూనిస్. "వంతులేసుకుని కూర్చోండి. సరేనన్నవాళ్ళు?"

పాస్టరు అడగాల్సిన మాట ఆవిడే అడిగేసింది. చేతులు లేచాయి. కొన్నింట్లో ఫోర్కులు అలాగే ఉన్నాయి. ఈసారి రోవీనా కూడా ఎత్తింది. యూనిస్ కర్ర టకటకలాడించుకుంటూ బల్ల దగ్గరికొచ్చి, పెన్సిలు నాలిక మీద తడుపుకుని, "మంగళవారం, మధ్యాహ్నం లోపు. గాలి తిరుగుతుందని నా మోకాళ్ళు చెప్తున్నాయి," అని రాసి డబ్బాలో వేసింది. ఆవిడ వెనక వరస కట్టారు.

ఆదివారం పొద్దుటికల్లా చెరువు రోడ్డు నిండిపోయింది. దిగబడ్డ రోవీనా కారుని ట్రాక్టరు కట్టి లాగారు. మడత కుర్చీలు, కంబళ్ళు, ఫ్లాస్కులు, దుర్భిణీలు. కేకలు మాత్రం లేవు. చర్చిలో చెరువు వైపు తెరలు తీసేసి కిటికీలు తళతళలాడేట్టు తుడిచారు. హార్లన్ కొట్టం కిటికీ చెక్కలు పీకేసి, ఆ కిటికీ దగ్గరే తిండీ నిద్రా పెట్టుకున్నాడు. రోవీనా ఒక చోట నిలవలేక మనిషి దగ్గర్నించి మనిషి దగ్గరికి కాఫీ పోస్తూ తిరిగింది. ఆమె చేతిలోంచి ఎవరూ పాత్ర లాక్కోలేదు.

యూనిస్ మోకాళ్ళు అబద్ధం చెప్పలేదు. మంగళవారం పొద్దున్న ఉత్తరపు గాలి లేచింది. చెరువంతా గాజు పెంకులు కలిపినట్టు గలగలమంది. నల్లటి మంచు ఒడ్డు వదిలి మొత్తంగా కదిలింది. ఎర్ర కుర్చీ ఒక్కసారి నిటారుగా అయ్యి, వెనక్కి వాలి, కాళ్ళు పైకెత్తి, పోయింది.

మిగతా ఏళ్ళలో ఊరంతా ఈలలు వేసే క్షణం అది. ఇవాళ ఎవరూ కదల్లేదు.

"పడింది!" హార్లన్ కొట్టంలోంచి వచ్చిన ఆ కేక మనిషి కేకలా లేదు.

పాస్టరు మిరియమ్ బురదలో ఒక బూటు వదిలేసి పరిగెత్తింది. కాసేపటికి గంట మోగడం మొదలైంది. అది ఆగలేదు. రక్షక దళం పడవలు ముందు రోజు నుంచే దగ్గర ఊళ్ళో ఉన్నాయి, గంట ఇంకా మోగుతుండగానే వచ్చి నీళ్ళలో దిగాయి. మొదటి పడవలో దారి చూపడానికి హార్లన్ ఎక్కాడు. ఊళ్ళోవాళ్ళు ఆనకట్ట మీదికి పోయి పొడుగునా వరస కట్టారు. బుధవారం ఇసక లాగిన దంతెలే చేతుల్లో, తుప్పు పట్టిన పళ్ళు నీళ్ళ వైపు చాచి పట్టుకుని. మంచు ముక్కలు వచ్చి కట్టకి కొట్టుకుని పొర్లి పడుతున్నాయి. దుంగ వచ్చినా, కొమ్మ వచ్చినా పది దంతెలు పడుతున్నాయి. దాటిపోయింది ఒక్కటీ లేదు.

రోవీనా కట్ట చివర నిలబడింది. చేతిలో దంతె లేదు, కాఫీ పాత్ర లేదు. పక్కన యూనిస్ ఆమె ఏప్రన్ అంచు గట్టిగా పట్టుకుని ఉంది, రోవీనా నీళ్ళలోకి దూకేస్తుందేమోనని. కాలం ఎంత పోయిందో ఎవరికీ గుర్తులేదు. ఎండ వచ్చింది, పోయింది.

పడవ అడవి ముక్క పక్కన ఆగింది. ఇంజను ఆపేశారు. ముగ్గురు ఒక పక్కకి వంగారు, చాలాసేపు వంగే ఉన్నారు. తర్వాత హార్లన్ పడవలో లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు.

చెయ్యెత్తాడు.

కట్ట మీద దంతెలు ఒకటొకటే కిందికి దిగాయి. రోవీనా ఏప్రన్ ముడి విప్పి, మడిచి, యూనిస్ చేతిలో పెట్టి, ఒడ్డుకి నడిచింది.